ఎర్ర స్విచ్చి

ఇంటి నుంచి ఫోన్ వస్తే నేను ముందు అడిగేది "అన్నం తిన్నారా" అని కాదు, "బండి ఎట్లా ఉంది?" అని. హాస్టల్లో నా రూమ్మేట్లు నవ్వుతారు. ఒకసారి గోడపత్రికలో రాసేస్తే మళ్లీ మళ్లీ చెప్పే పని తప్పుతుందని ఇది రాస్తున్నాను.

మాది మస్కి దగ్గర ఒక క్యాంపు. కర్ణాటకలో రాయచూరు జిల్లా. తుంగభద్ర ఎడమ కాలువకి నీళ్లొచ్చాక కోస్తా నుంచి వెళ్లి భూములు కొనుక్కున్న రైతుల ఊళ్లని అక్కడ క్యాంపులంటారు. మా తాత అట్లా వెళ్లినవాడే. చుట్టూ వరి. పొలానికీ, మిల్లుకీ, ఎరువుల కొట్టుకీ, బస్సు దిగిన నన్ను తీసుకురావడానికీ బండే గతి.

నాన్నకి పాత స్ప్లెండర్ ఒకటి ఉండేది. దానికి ఏమొచ్చినా పానా, స్క్రూడ్రైవరు పట్టుకుని కాలవ గట్టు మీదే కూర్చుని బాగుచేసుకునేవాడు. రెండేళ్ల పైన అయింది, పంట డబ్బులొచ్చాక కొత్త బండి కొన్నాం. కంపెనీ పేరు రాయను. కొత్త బండికి కిక్కు లేదు. అంతా బటనే.

డిసెంబరు సెలవులకి వెళ్లాను. కోతల కాలం. మస్కిలో బస్సు దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నాన్న బండి వేసుకుని వచ్చాడు. లింగసుగూరు నుంచి సింధనూరు వెళ్లే పెద్ద రోడ్డు మీద వస్తున్నాం. ముందు వరిగడ్డి ట్రాక్టరు, సగం రోడ్డు ఆక్రమించుకుని పోతోంది. నాన్న దాన్ని దాటబోయాడు. సరిగ్గా పక్కకి వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. ముందు దగ్గడం, కొట్టుకోవడం ఏమీ లేదు, దీపం ఆర్పినట్టు ఆగింది. హెడ్‌లైటు వెలుగుతూనే ఉంది, మీటరు వెలుగుతూనే ఉంది. ఎదురుగా లారీ లైట్లు. నాన్న క్లచ్చి పట్టి, బ్రేకు మీద బ్రేకు వేసి, ట్రాక్టరు వెనక్కి తప్పుకుని, బండిని మట్టిలోకి దింపాడు. లారీ హారను కొట్టుకుంటూ మా పక్కనుంచి పోయింది. ఆ గాలి ఇప్పటికీ నా చెంప మీద ఉంది.

నాన్న ఏమీ మాట్లాడలేదు. కుడి బొటనవేలితో హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చిని పైకీ కిందకీ ఏడెనిమిది సార్లు అన్నాడు. సెల్ఫ్ నొక్కితే బండి స్టార్టయింది. ఆ వేలు అలవాటుగా అక్కడికి వెళ్లిన తీరు చూస్తే నాకు అర్థమైపోయింది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లా?"

"పోయినేడు వానల నుంచి. అమ్మతో అనకు."

మధ్యలో వేసవి సెలవుల్లో అదే బండి మీద నాకు డ్రైవింగ్ నేర్పించాడు. "ఆ ఎర్రదాని జోలికి పోకు" అని రోజుకి పది సార్లు చెప్పేవాడు. ఆడపిల్లకి ఏమీ తెలియదనుకుంటున్నాడని ఉక్రోషం వచ్చేది నాకు. కాలవ రోడ్డు దాటి పెద్ద రోడ్డెక్కనిచ్చేవాడు కాదు. ఎందుకో ఆ రాత్రి తెలిసింది. నన్ను ఎక్కనివ్వని రోడ్డు మీద తను మాత్రం తిరుగుతూనే ఉన్నాడు.

దాన్ని కిల్ స్విచ్ అంటారు. బండి పడిపోయినా, యాక్సిలరేటరు బిగుసుకుపోయినా, చెయ్యి హ్యాండిల్ మీద నుంచి తీయకుండానే ఇంజను ఆపేయడానికి పెట్టింది. అమెరికాలో అయితే అది కుడి హ్యాండిల్ మీదే ఉండాలని రూలు కూడా ఉంది. ఉద్దేశం మంచిదే. మా బండిలో ఇంజను నడవాలంటే కరెంటు ఆ స్విచ్చి దాటి వెళ్లాలి. లోపల రెండు చిన్న రేకులు తాకి ఉన్నంతసేపే ఇంజనుకి ప్రాణం. రేకులకి చిలుము పట్టినా, వాటిని నొక్కి పట్టే స్ప్రింగు మెత్తబడినా, గుంటలో పడి కుదిపినప్పుడు ఒక్క క్షణం ఎడమైతే చాలు. మనమే ఆపమన్నామనుకుని ఇంజను ఆగిపోతుంది. హెడ్‌లైటుకి దారి వేరు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా వచ్చే టూవీలర్లకి హెడ్‌లైటు ఆర్పే స్విచ్చే తీసేశారు, పగలు కూడా వెలగాల్సిందే. మన చేతిలో ఉండాల్సిన స్విచ్చిలు ఏవి, ఉండకూడనివి ఏవి అని ఎవరో ఎక్కడో కూర్చుని తేలుస్తారు. అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం మాత్రం మన వంతు.

మర్నాడు షోరూంకి వెళ్లాం. అక్కడ మొదటి నొక్కుకే స్టార్టయింది, డాక్టరు గుమ్మం ఎక్కగానే జ్వరం తగ్గినట్టు. యూనిఫాం వేసుకున్న కుర్రాడు నవ్వుతూ, "అంకుల్, మీ చెయ్యి తగిలి ఆఫ్ అయి ఉంటుంది" అన్నాడు. నాన్న వయసులో సగం లేడు. నేను గట్టిగా అడిగితే పైనుంచి ఒకాయన వచ్చి, "పంపుతో కడిగారా? స్విచ్చిలోకి నీళ్లు పోతే వారంటీ రాదు" అన్నాడు. "అయితే వానలో నడపకూడదా?" అన్నాడు నాన్న. దానికి సమాధానం లేదు. ఆ స్విచ్చి ఒక్కటీ విడిగా రాదట, కుడి పక్క సెట్టు మొత్తం మార్చాలట, రెండు వేల చిల్లరట. నాన్న బండి తీసుకుని బయటికొచ్చేశాడు. డబ్బుకి కాదు. మోటార్లూ ఇంజన్లూ విప్పి బిగించే మనిషిని పట్టుకుని, బటన్ నొక్కడం రాదన్నారు.

మస్కిలో ఒక రేకుల షెడ్డు కింద మెకానిక్ ఉన్నాడు. రెండు స్క్రూలు తీస్తే స్విచ్చి డబ్బా రెండు చెక్కలై విడిపోయింది. లోపల గ్రీజు, దుమ్ము, వరి నూగు కలిసి నల్లటి ముద్ద. దాని కింద రాగి మీద పచ్చగా చిలుము. "నీరు హోగ్యాద అణ్ణా" అన్నాడు, నీళ్లు దిగాయని. పాత పళ్ల బ్రష్షు పెట్రోల్లో ముంచి తోమి, సన్నటి గరుకు కాగితంతో రేకుల్ని రుద్దాడు. నూట యాభై తీసుకున్నాడు.

ఆ పని అయ్యేదాకా నేను ఊళ్లోని గుట్ట వైపు చూస్తూ కూర్చున్నా. 1915లో బీడన్ అనే గనుల ఇంజనీరు బంగారం జాడ వెతుక్కుంటూ వచ్చి అక్కడి బండ మీద అశోకుడి శాసనం చూశాడు. అప్పటిదాకా దొరికిన శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే బిరుదులే ఉండేవి. అశోకుడు అని పేరు పెట్టి కనిపించింది మొదట మా మస్కిలోనే. స్కూల్లో ఉన్నప్పుడు ఏటా తీసుకెళ్లి చూపించేవాళ్లు. రెండు వేల రెండొందల ఏళ్లు దాటిన అక్షరాలు. మా బండి స్విచ్చి మీద ఆన్, ఆఫ్ అని రాసిన గుర్తులు రెండేళ్లకే చెరిగిపోయాయి.

పది రోజులు బాగానే ఉంది. పదకొండో రోజు మిల్లు దగ్గర మళ్లీ ఆగింది. స్ప్రింగు పోయిందన్నాడు మెకానిక్. స్విచ్చికి వెళ్లే రెండు వైర్లూ కలిపేసి టేపు చుట్టేస్తే ఇక ఈ బాధే ఉండదని ఉపాయం చెప్పాడు. నాన్న సరేనన్నాడు. నేను వద్దన్నాను.

"కాలవ గట్టు మీద బండి ఒరిగి నీ కాలు కింద ఇరుక్కుంటే? చక్రం తిరుగుతూనే ఉంటే?"

"తాళం తిప్పేస్తా."

"చెయ్యి తాళం దాకా రాకపోతే?"

"ఇరవై ఏళ్లు స్ప్లెండర్ నడిపా. దానికేదీ ఈ ఎర్రది?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే, దానికి లేదు. ఆగమన్నప్పుడు ఆగకపోతే ఒక ప్రమాదం, ఆగమనకుండా ఆగిపోతే ఇంకో ప్రమాదం. ఏది పెద్దదో ఆ షెడ్డు కింద నిలబడి ఎట్లా చెప్పను? కానీ ఒక సంగతి చదివాను. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ దాదాపు 26 లక్షల కార్లు వెనక్కి పిలిపించింది. లోపం ఇంతే, తాళం పెట్టే స్విచ్చిలో చిన్న స్ప్రింగుకి బిగువు చాలక, కుదుపుకి అదే తిరిగిపోయి నడిచే కారు ఆగిపోయేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు కూడా విచ్చుకునేవి కావు. ఆ కార్లలో చనిపోయిన 124 మంది కుటుంబాలకి కంపెనీ పరిహారం ఇచ్చింది. ఇది చెబితే నాన్న, "అవి కార్లు లేమ్మా" అన్నాడు.

తేల్చింది అమ్మ. మేం చెప్పకుండా దాచామనుకున్నాం కానీ, నాన్న రాత్రి పొలానికి వెళ్లి వచ్చేదాకా ఆవిడ ఎందుకు పడుకోదో మాకు తట్టలేదు. పాలడబ్బుల డబ్బా తెచ్చి నాన్న ముందు పెట్టింది. "రెండు వేలకి మనిషొస్తాడా?" అంది. అంతే. నాన్న అదే షోరూంకి వెళ్లి సెట్టు మార్పించాడు. బిల్లు మీద అక్షరం పొల్లుపోకుండా చదివి నాకు ఫోటో పంపాడు.

పాత సెట్టు పారేయనివ్వలేదు నేను. ఇప్పుడది హాస్టల్లో నా బల్ల మీద ఉంది. ఫిజిక్స్ చదివే స్నేహితురాలు ల్యాబులో దానికి మల్టీమీటరు పెట్టింది. ఇరవై సార్లు ఆన్ చేస్తే ఆరు సార్లు సర్క్యూట్ కలవలేదు. వేలికి మాత్రం ఇరవై సార్లూ టిక్కుమని ఒకేలా తగిలింది. ఆ కాగితం ఫోటో తీసి నాన్నకి పంపాను. "షోరూం వాడికి చూపించనా?" అని అడిగాడు. చూపించాడో లేదో చెప్పలేదు.

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. నేను అడగకముందే, "బండి బాగుంది" అన్నాడు. కాసేపు నారుమడి గురించీ, కాలవ వంతు గురించీ మాట్లాడాడు. పెట్టేసే ముందు అన్నాడు:

"నిన్న హారను ఒకసారి మోగలేదు. ఒక్కసారే లే. అమ్మతో అనకు."