లాడ్ బజార్ లెక్క

చార్మినార్ నుంచి పడమటికి తిరిగితే లాడ్ బజార్. నిప్పు సెగకు మెత్తబడిన లక్కను కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, తళుకు రాళ్లు ఒక్కొక్కటే ఓపిగ్గా అద్దుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లక్క గాజుల్ని చూసినప్పుడల్లా నాకు చిన్న తరగతుల లెక్కలే మనసులో మెదులుతాయి.

డజను గాజులు, ఒక్కోదానికి 8 రాళ్లు. మొత్తం ఎన్ని రాళ్లు కావాలి? 96 రాళ్లున్నాయి, గాజుకు 8 చొప్పున అద్దితే ఎన్ని గాజులవుతాయి? అవే 96 రాళ్లను 12 గాజులకు సమంగా సర్దితే ఒక్కోదానికి ఎన్ని? మూడూ ఒకే గాజుల కథ. మొదటిది గుణకారం, తక్కిన రెండూ భాగహారం. అయితే ఒకదాంట్లో వాటాలెన్నో తెలియదు, రెండోదాంట్లో వాటా ఎంతో తెలియదు. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ‘ఒక్కోదానికి’ అని కనబడితే భాగించెయ్ అని చిట్కా చెప్పేవాళ్లు ఎందరో. మొదటి లెక్కలోనూ ఆ మాట ఉందే! పాపం, పసివాళ్లేం చేస్తారు?

అంకెలు కాసేపు పక్కనపెట్టి లెక్కలోని కథను వాళ్లచేతే చెప్పించుకోవాలనిపిస్తుంది. ఏముంది, ఏం చేస్తున్నారు, ఏది తెలియాలి?

లెక్కను ఇలా ముందు వినడం మనకు కొత్తేమీ కాదు. పూర్వం పావులూరి మల్లన అనే కవి, గణితవేత్త మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యంలో చెప్పిన లెక్కను ముందు చెవొగ్గి వినాలి, అన్వయం కుదుర్చుకోవాలి, ఆ తర్వాతే చెయ్యాలి. ఆ నిదానం మన పిల్లలకూ దక్కాలి. గంట కొట్టేలోపు పది లెక్కలు కాకపోతేనేం, ఒక్కదానికి బొమ్మ గీసుకుని నింపాదిగా చేయనిద్దాం.