నొప్పి పోయినంతనే రోగము పోవునా?

మా తల్లిగారు మధుమేహరోగి. ఆమెకు చెవిపోటు వచ్చినపుడు, చదువుకొన్నవారమయ్యు వెల్లుల్లి కాచిన నూనెతోనే నెల గడపితిమి. అంతలో సూడోమోనాస్ అను సూక్ష్మజీవి చెవినుండి కపాలాస్థికి ప్రాకెను. 1968లో చాండ్లరను వైద్యుడు వర్ణించిన ఘోరవ్యాధి యిదియే.

మూడు వారముల మందుతో నొప్పి శమించెను. "ఇక సూదులు చాలు నాయనా" యని అమ్మ యనగా మేమును తలయూపితిమి. వైద్యుడు సమ్మతింపక గాలియము స్కాను తీయించెను. సీ.టీ. చిత్రమున ఎముక యరుగుదల, రోగము నయమైన పిదపను చిరకాలము కనబడును. గాలియము రోగము రగులుచున్న చోట చేరి, అది చల్లారిన పిదప చేరకుండును. అమ్మ చెవిక్రింద మచ్చ యింకను స్ఫుటముగానే యుండెను! మందు మరి ఆరు వారములు సాగెను. రెండవ చిత్రమున మచ్చ లేదు.

"పాఠము వచ్చిన"దని బాలుడన్నంతనే మేము నమ్మము, పరీక్షింతుము. ఇంటిలోని రోగమునకు ఆ న్యాయమేల వర్తింపజేయమో!