హాంకాంగ్ బుద్ధుడు అడిగించిన ప్రశ్న

వేసవి సెలవులొస్తే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్లలో ఒకటే చర్చ... ఈసారి ఎక్కడికి? తిరుపతి, ఊటీలతో పాటు ఇప్పుడు హాంకాంగ్ పేరూ వినిపిస్తోంది. ఆన్‌లైన్‌లో ఉచితంగా ముందస్తు నమోదు చేసుకుని ఆమోదం పొందితే, భారతీయులు వీసా లేకుండానే 14 రోజులు ఉండొచ్చు.

తుంగ్‌చుంగ్‌లో కేబుల్‌కారు ఎక్కితే సముద్రం మీదుగా, కొండల మీదుగా 5.7 కిలోమీటర్ల ప్రయాణం. దిగి కాస్త నడిస్తే 34 మీటర్ల కంచు బుద్ధుడు! 1993లో పూర్తయిన ఆ విగ్రహాన్ని చేరాలంటే 268 మెట్లెక్కాలి. పిల్లలు లెక్కపెడుతూ పరుగెడతారు. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య కిందే ఆగిపోతాడు. దిగొచ్చిన మనవడు అడుగుతాడు: ‘మన హుస్సేన్‌సాగర్ బుద్ధుడు ఎంత ఎత్తు తాతయ్యా?’

అప్పుడు మొదలవుతుంది అసలు కథ. రాయగిరి దగ్గర ఒకే రాతిలో మలిచిన, సుమారు 18 మీటర్ల విగ్రహమది. 1990 మార్చిలో తరలిస్తుండగా సాగర్‌లో మునిగింది, కొందరి ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 1992 డిసెంబరులో పైకొచ్చింది.

ఆ కథ వినడానికి హాంకాంగ్ దాకా వెళ్లాలా? ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ఖైరతాబాద్‌కి రైలు మారక్కర్లేదు. లుంబినీ పార్కులో పడవెక్కితే చాలు. అక్కడ తాతయ్య కూడా బుద్ధుడి పాదాల దాకా రాగలడు!