ఇల్లు కొనేముందు పక్కింటి గడప తొక్కండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టేసిన ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. అనివుంటే మేం కాస్త జాగ్రత్త పడేవాళ్ళం, మాకు 50 వేలు మిగిలేవి. ఆ డబ్బు ఎలా పోయిందో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా ఇల్లు కొనే ఆలోచనలో ఉంటే పొయ్యి మీద పాలు దించేసి వచ్చి మరీ చదవండి.

మాది విజయవాడ. పెళ్ళయిన ఈ 24 ఏళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాం. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు రాస్తారు. ఊళ్ళో ఆయన వాటాకొచ్చిన 60 సెంట్ల పొలం అమ్మిన డబ్బు, నా గాజులు, బ్యాంకు అప్పు, ఈ మూడూ కలిపితే ఒక ఇల్లు. తప్పు చేస్తే మళ్ళీ కొనే తాహతు లేదు. అపార్టుమెంటు తీసుకుందామని మా అబ్బాయి గొడవ. కానీ మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, లిఫ్టంటే భయం. ఆవిడకి తులసికోట కావాలి, నాకు నాలుగు గోంగూర మొక్కలు, ఓ కరివేప చెట్టు కావాలి. అందుకని చిన్నదైనా విడి ఇల్లే అనుకున్నాం.

2025 సంక్రాంతి వెళ్ళాక ఒక బ్రోకరు ఊరికి ఉత్తరాన, సింగ్ నగర్ దాటాక, ఒక ఇల్లు చూపించాడు. ఏం చెప్పమంటారు! కొత్త రంగులు, కొత్త తలుపులు, నల్ల గ్రానైటు గట్టు, తూర్పు ముఖంగా పొయ్యి, పచ్చళ్ళ జాడీలకి విడిగా అరలు. హాల్లో గోడలకి నడుం ఎత్తు దాకా టైల్సు కూడా వేయించారు. "రేపు ఇంకో పార్టీ వస్తోంది సార్" అన్నాడు బ్రోకరు. మావారు అప్పటికప్పుడు లక్ష రూపాయలు బయానా ఇచ్చి, తెల్ల కాయితం మీద రెండు ముక్కలు రాయించుకున్నారు. ఆయన్ని అనడం ఎందుకు, నేనూ వద్దనలేదు. ఆ వంటగది చూసి నా మతి పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక మనసులోనే వంటగది సర్దుకుంటున్నాను. బియ్యం డబ్బా ఇక్కడ, పోపులపెట్టె అక్కడ, మిక్సీ కిటికీ పక్కన. మరి మిక్సీ ప్లగ్గేది? ఎంత గుర్తు చేసుకున్నా గట్టు దగ్గర కనబడదే! నా తలకంటే ఎత్తులో ఉంది. హాల్లో టీవీ ప్లగ్గు కూడా భుజాల కంటే పైనే. చంటిపిల్లలున్న ఇల్లేమో అనుకుందామా అంటే, ఆ దంపతులిద్దరికీ అరవై దాటాయి.

మర్నాడు మధ్యాహ్నం మావారికి చెప్పకుండా బస్సెక్కి వెళ్ళాను. ఆ ఇంటికి కాదు, పక్కింటికి. దాహంగా ఉందని మంచినీళ్ళు అడిగాను. ఒక పెద్దావిడ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నీళ్ళిచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "పక్కిల్లు కొనేది మీరేనా అమ్మాయ్?" అంది. అవును పిన్నిగారూ అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. గోడ మీద, సరిగ్గా నా గుండెల ఎత్తులో, గోధుమరంగు గీత. ఇల్లంతా చుట్టూ తాడు కట్టినట్టు ఒకటే ఎత్తులో.

"బుడమేరు" అంది. ఆ ఒక్క మాట చాలు, విజయవాడ వాళ్ళకి వివరం అక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న తెల్లారేసరికి నీళ్ళు వీధిలో ఉన్నాయట, చూస్తుండగానే మంచాలు మునిగాయట. ఫ్రిజ్జు, ఖాళీ గ్యాసు బండ తేలుతుంటే వీళ్ళు డాబా ఎక్కారు. పైనుంచి డ్రోన్లు వేసిన పొట్లాలు తిన్నారు. నీళ్ళు పూర్తిగా తీయడానికి వారం పైనే పట్టింది. పక్కింటివాళ్ళు బాగు చేయించి అమ్మకానికి పెట్టారు, వీళ్ళకి రంగులు వేయించే స్తోమతు లేక గీత అలాగే ఉండిపోయింది.

"మేమూ అమ్ముకుని అమ్మాయి దగ్గరికి పోదామనే ఉన్నాం. నిజానికి ఈ మాట నీకు చెప్పకూడదు నేను" అంది పిన్నిగారు. అని, మళ్ళీ చింతపండు ముందేసుకుని కూర్చుంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నోరు మూసుకుంటే ఆవిడకే లాభం కదండీ!

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బుడమేరు మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేటిలో కలిసే వాగు. వరద ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కాలువ తవ్వి, ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలోకి మళ్ళించారు. కృష్ణమ్మే నిండుగా ఉంటే ఆ నీళ్ళు తీసుకోదు. ఆ సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది, ఇటు కాలువ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. 2005లోనూ బుడమేరు ఊరి మీద పడింది. అంతమాత్రాన ఆ వైపు ఇళ్ళు ఎవరూ కొనకూడదని నేననను. వేలమంది ఉంటున్నారు, పిల్లల్ని పెంచుకుంటున్నారు. కానీ తెలిసి, దానికి తగ్గ ధరకి, మేడ మీద ఒక గది ఉంచుకుని కొనడం వేరు. టైల్సు చూసి కొనడం వేరు.

ఇంటికొచ్చి చెబితే మావారు మండిపడ్డారు. "లక్ష ఇచ్చాక ఇప్పుడా చెప్పడం? ఎవరో ఏదో అన్నారని వదులుకుంటామా?" అని. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు అత్తయ్యగారే, "ఒరే, నేను డాబా ఎక్కలేనురా" అన్నారు. అంతే. ఆయన లేచి వెళ్ళి గీత చూసొచ్చారు. అమ్మేవాళ్ళు సగమే తిరిగిచ్చారు. కాయితంలో షరతులేవీ రాసుకోలేదు గనక మేం నోరెత్తలేకపోయాం. మీరు ఒక్క పదివేలు బయానా ఇచ్చినా సరే, ఏ కారణానికి వెనక్కి ఇవ్వాలో అందులో రాయించుకోండి.

ఆ తరవాత తొమ్మిది నెలల్లో పధ్నాలుగు ఇళ్ళు చూశాం. మావారు కాయితాలు చూసేవారు, నేను గోడలు చూసేదాన్ని. కొత్త రంగు ఒక్క గదికే వేసి ఉంటే ఆ గదినే ఎక్కువసేపు చూడాలి. బీరువా వెనక, బాత్‌రూము గోడకి అవతలి వైపు, నీళ్ళ ట్యాంకు కింద స్లాబు, ఈ మూడు చోట్లా చెమ్మ దాగదు. సున్నం పొట్టు లేచి తెల్లగా ఉప్పు పూసిందంటే ఎన్నాళ్ళనుంచో నీరు పడుతోందన్నమాట. వీధిలోకొచ్చి రోడ్డు ఎత్తో గడప ఎత్తో చూడండి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోతారు, పాతిళ్ళు గోతిలోకి దిగిపోతాయి, చినుకు పడితే కాలవ నీళ్ళు వాకిట్లోకే.

బోరు నీళ్ళు మాత్రం నేను ఒక సీసాలో ఇంటికి తెచ్చుకునేదాన్ని. అమ్మేవాళ్ళు నవ్వేవారు. ఆ నీళ్ళతో గ్లాసుడు కందిపప్పు కుక్కర్లో పెట్టండి. మామూలుగా మీకు ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతుందో మీకు తెలుసుగా! ఉప్పు నీళ్ళయితే ఎన్ని కూతలు పెట్టినా పప్పు పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు, గిన్నెలకి తెల్లగా పొర కడుతుంది. ఒక ఇల్లు అచ్చంగా పప్పు ఉడకకే వద్దనుకున్నాం.

ఏ ఇంటికైనా ఒక్కసారి వెళ్ళి తృప్తి పడకండి. పొద్దున్నే కుళాయి వచ్చే వేళకి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, కుంభవృష్టి కురిసిన మర్నాడు ఒకసారి. మాకు బాగా నచ్చిన ఒక వీధి చివర ఫంక్షన్ హాలుందని రాత్రి వెళ్తేగానీ తెలియలేదు. డప్పులకి గుండెలదిరాయి.

కాయితాల సంగతి లాయరు చూసుకుంటాడు. 30 ఏళ్ళ ఈసీ, లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదు, స్థలం 22ఏ జాబితాలో ఉందో లేదో, ఇవన్నీ ఆయన పని. రిజిస్ట్రేషన్ ఖర్చు మన రాష్ట్రంలో 7.5 శాతం దాకా అవుతుంది, అది విడిగా దాచుకోండి. నేను అడిగించింది ఒక్కటే. తాతల నాటి ఆస్తి అయితే ఆ ఇంటి ఆడపిల్లలు సంతకం పెడుతున్నారా అని. మన దగ్గర ఆడపిల్లకి వాటా 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఒకచోట అన్నదమ్ములు "మా చెల్లెలికి కట్నం ఇచ్చేశాం" అన్నారు. ఆవిడ్ని పిలవమన్నాం. పిలవలేదు, మేమూ మళ్ళీ వెళ్ళలేదు.

చివరికి కొన్నది 110 గజాల్లో పాత ఇల్లు. రంగులు వెలిసిపోయి ఉన్నాయి, పిట్టగోడకి బీట ఉంది. వంటగదిలో ఇద్దరు నిలబడితే ముగ్గురున్నట్టుంటుంది. పప్పుకి ఒక విజిల్ ఎక్కువ పడుతుంది. కానీ గడప రోడ్డు కంటే రెండు మెట్లు ఎత్తు. 2024 వానల్లో వాకిట్లోకి కూడా నీళ్ళు రాలేదని ఆ వీధిలో నాలుగిళ్ళవాళ్ళు విడివిడిగా చెప్పారు.

2025 కార్తీకంలో పాలు పొంగించాం. పిన్నిగారిని పిలిస్తే రెండు బస్సులు మారి వచ్చింది. వాళ్ళ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదట. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ముందు ఆ గీతే చూపిస్తోందట. బొట్టు పెట్టి చీర చేతికిస్తే అది పక్కన పెట్టేసి, తిన్నగా వంటగదిలోకి నడిచి గోడలు చూసింది.

"ప్లగ్గు చేతికి అందుతోందా అమ్మాయ్?" అంది.