తెకీలా పట్టణము

మెక్సికో దేశమున హలిస్కో రాష్ట్రమందు, ఒక అగ్నిపర్వత పాదమున తెకీలా యను పట్టణము కలదు. మేము పోవునపుడు దారి కిరువైపులను నీలిచాయ గల అగావే తోటలే గానవచ్చినవి. ఈ మొక్క మన సీమలో నారకై వాడు కిత్తనారకు సజాతీయము. 2006లో యునెస్కోవా రీ తోటల ప్రదేశమును ప్రపంచవారసత్వముగా గుర్తించిరి.

మొక్క ముదురుటకు ఆరేడేండ్లు పట్టును. పనివారు ఆకులు నరికి, నడిమి బొండును ఉడికించి, రసమును పులియబెట్టి, రెండుమార్లు బట్టీలో కాచుదురు. మాకు ఆతిథ్య మిచ్చిన యిల్లాలు ‘పలోమా’ యను పానీయమును ఇంటనే కలిపినది: గ్లాసు అంచున ఉప్పద్ది, మంచుముక్కలు వేసి, ఒకపాలు తెకీలా, మూడుపాళ్లు పంపరపనస జాతి పండు సోడా, కొంచెము నిమ్మరసము. మేము త్రాగువారము కాకున్నను ఆమె చేతినేర్పును మెచ్చితిమి.

కాని సోదరీమణులారా, అగావే జీవితమున నొక్కసారియే పూయును. తీపి పూవునకు పోకుండుటకై పూకాడను లేతనాడే నరికెదరు. తేనెకై వచ్చు గబ్బిలములకు ఆహారము తఱుగును. పిలకలతోనే పెంచుటచే తోటలన్నియు నొక్క పోలికయై, తెగులు సోకిన నన్నిటికిని ముప్పు కలుగును. అందుచే కొందఱు రైతులు నూటికి 5 మొక్కలను పూయనిచ్చుచున్నారు. అట్టివారి సరకునే తాను కొందునని యా యిల్లాలు చెప్పినది. ఇంటికి తెచ్చు వస్తువు వెనుక నే జీవి యాకలి గొన్నదో విచారించుట గృహిణులకు తగును గదా!