క్షయక్రిమి స్ఫటికశాలలో

గూడూరు ప్రాంతపు గనుల నెఱిగినవారికి స్ఫటిక మనునది క్రొత్త వస్తువు కాదు. సైదాపురము చుట్టుప్రక్కల త్రవ్వితీసిన అభ్రకము పొరలుపొరలుగా ఏల విడివడునో 1930లో లైనస్ పౌలింగు దాని పరమాణువుల కూర్పును ఎక్స్-కిరణములతో తేల్చి వివరించెను. గుణమునకు కారణమును నిర్మాణమునందు వెదకు ఈ విద్యనే క్రిముల ప్రోటీనులపై ప్రయోగించు శాల హైదరాబాదున కలదని విని, సింహపురి ఎక్స్‌ప్రెస్సు నెక్కి హబ్సీగూడలోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రమగు సీసీఎంబీకి పోయితిని.

అచ్చట ఒక యువపరిశోధకుడు నాకు తొలుత చూపినది గుంటలుగల ప్లాస్టిక్ పలక. గుంట అడుగున లవణద్రావణము. పైనున్న గాజుబిళ్లకు తలక్రిందుగ వ్రేలాడుచున్న ప్రోటీను బొట్టు. బొట్టులోని నీరు మెల్లమెల్లగ ఆవిరియై తరలిపోవగా ప్రోటీను చిక్కబడి, అదృష్టము బాగున్నచో స్ఫటికమగును. పెక్కుమారులు మడ్డియే మిగులునట. దొరకిన స్ఫటికమును ద్రవనైట్రోజను చలిలో ఘనీభవింపజేసి, కిరణములు ప్రసరింపజేసి, పడిన చుక్కలనుండి పరమాణువుల స్థానములను గణించి, ఆ వచ్చిన రూపమును మద్రాసున జి.ఎన్. రామచంద్రన్ బృందము 1963లో వెలువరించిన, ప్రోటీను గొలుసు ఏ మెలికలు తిరుగగలదో తెలుపు పటముతో సరిచూతురు.

ఇంత శ్రమ ఎందులకు? 1998లో క్షయక్రిమి జన్యువు లన్నియు, సుమారు 4,000, లిఖితమైనపుడు వానిలో పెక్కింటి పని తెలియరాలేదు. తెలిసినవనుకొన్న వానికిని ఇతరజీవుల ప్రోటీనులతోడి పోలికనుబట్టియే పేర్లిడిరి. మేనమామ పోలిక వచ్చినంతమాత్రమున మేనల్లుడును మామ చేయు వృత్తియే చేయునని నిశ్చయించుట వంటిదిది! 30కి పైగా ప్రోటీనులకు ‘ఫాడ్‌డి’ యని, అనగా కొవ్వును విచ్ఛిన్నము చేయు కుటుంబమని, పేరువడినది. అయితే వానిలో కొన్ని కొవ్వు ఆమ్లమును, విచ్ఛిత్తికి తొలిమెట్టుగా, కోఎంజైమ్-ఏ అను సహాయక అణువుతో జోడింపక, నడిమి మెట్టుననే ఆగి, క్రిమికవచమునకు వలయు కొవ్వులను నిర్మించు ఎంజైములకు అందించుచున్నవని ఢిల్లీలో రాజేశ్ గోఖలే బృందము 2004లో కనుగొనెను.

అవి నడుమ ఏల ఆగును? ఇక్కడి రాజన్ శంకరనారాయణన్ బృందము గోఖలే బృందముతో కలిసి 2009లో ప్రకటించిన అట్టి ఒక ప్రోటీను స్ఫటికనిర్మాణమున, సోదర ప్రోటీనులలో లేని ఒక అదనపు తునక కానవచ్చినది. ప్రోటీను భాగముల కదలికను అదియే అడ్డగించుచున్నదని వారూహించిరి. ఊహతో తృప్తిపడక ఆ తునకను తొలగించి పరీక్షింపగా, ఆ ఎంజైము కోఎంజైమ్-ఏను గ్రహించి పాతపేరును సార్థకము చేసినది! ఆనాడు నేను విన్న సంగతులలో నాకు అత్యంత ప్రియమైనది ఇదియే. తెరమీది రంగురంగుల బొమ్మలు దీని ముందు వెలవెలబోయినవి.

నేడు ఆల్ఫాఫోల్డ్ వంటి కంప్యూటరు సాధనములు స్ఫటికము లేకయే ప్రోటీను ఆకృతిని ఊహించి ఇచ్చుచున్నవి. కాని ఆ ఊహ నిజమో కాదో తేల్చునది పరీక్షయే. కావున ఈ శాస్త్రమున ప్రవేశింపగోరు మా ప్రాంతపు విద్యార్థులు ఆకృతులతోనే సరిపెట్టుకొనక, పరీక్షనాళికతో పనిచేయుటయు నేర్వవలెనని నా మనవి.