గుంటూరు ప్రయాణము, ఎజ్రా తూకము



సంక్రాంతి దాటిందంటే మా వినుకొండ ప్రాంతములో కల్లాలు ఎర్రబడతాయి. ఎటు చూసినా ఆరబోసిన మిరపకాయలే. ఆడవారు వరుసగా కూర్చుని తాలు కాయలు వేరు చేస్తుంటారు. మగవారు గోనె సంచులలో కాయ నింపి కాళ్ళతో తొక్కుతుంటారు. ఆ రోజుల్లో మా ఇంటికి తరచుగా ఒక కబురు వస్తుంది. “అయ్యగారూ, రేపు గుంటూరు బండి. వచ్చి ప్రార్థన చేసి పంపండి.” మేము వెళ్ళి లారీ పక్కన నిలబడి, బస్తాల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, ఇంటివారు ఇచ్చిన టీ తాగి వస్తాము. ఎన్నో ఏళ్ళుగా మా పరిచర్యలో ఇదీ ఒక భాగము.

మన రైతులు ఎవరూ తమను వ్యాపార ప్రయాణికులమని అనుకోరు. వ్యాపార ప్రయాణమంటే చేతిలో పెట్టె పట్టుకుని విమానమెక్కే వారిదనుకుంటాము. కాని ఏడాది కష్టమును లారీకెత్తి, 80 కిలోమీటర్లకు పైగా వెళ్ళి, తెలియని వారి మధ్య అమ్ముకుని, ఆ డబ్బుతో ఇల్లు చేరవలసిన మన సహోదరునికంటె పెద్ద వ్యాపార ప్రయాణము ఎవరు చేస్తున్నారు? పెట్టె పోగొట్టుకున్నవాడు మరొక పెట్టె కొనుక్కుంటాడు. మనవానికి పోతే ఏడాది పోతుంది.

ఇది మాకు ఒక కుటుంబమువలన తెలిసింది. కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములోని ఒక సహోదరుడు అలాగే మా ప్రార్థనతో గుంటూరు వెళ్ళాడు. కాయ అమ్మాడు. డబ్బు నగదుగా తీసుకున్నాడు. రాత్రివేళ తిరుగు బస్సు కోసము ఒంటరిగా కూర్చుని ఉండగా పక్కన ఒక మనిషి చేరాడు. “మీదీ మా వైపే” అన్నాడు, పంటల సంగతి మాట్లాడాడు, టీ తెచ్చి ఇచ్చాడు. మన సహోదరునికి మరునాడు ఆసుపత్రి మంచము మీద మెలకువ వచ్చింది. నడుముకు కట్టుకున్న 70,000 రూపాయలు లేవు. అందులో భూమి కౌలు ఉంది, పురుగు మందుల కొట్టు బాకీ ఉంది, కూతురి నర్సింగు చదువు ఫీజు ఉంది.

తరువాతి ఆదివారము ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆయన వెనుక వరుసలోనే కూర్చుని ఉన్నాడు. దగ్గరకు వెళ్ళాము. “అయ్యగారూ, మీరు ప్రార్థన చేసే పంపారు గదా. దేవుడు వినలేదంటారా?” అని అడిగాడు. బైబిలు పాఠశాలలో మేము నేర్చుకున్న జవాబులు ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన భార్య మాత్రము నెమ్మదిగా అన్నది. “దేవుని సంగతి తరువాత. డబ్బు ఎలా తెస్తావు, ఎవరితో వస్తావు అని మీరైనా అడిగారా అయ్యగారూ? నేనైనా అడిగానా?”

ఆ మాట మమ్ములను చాలా రోజులు వదలలేదు. ప్రార్థించాము గాని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రార్థన చేశాము గనుక ఇక అడగనక్కరలేదనుకున్నాము. అది విశ్వాసమా, బద్ధకమా?

ఆ తరువాత ఎజ్రా గ్రంథము 8వ అధ్యాయము చదువుతుండగా మా కన్ను ఒకచోట నిలిచిపోయింది. ఎజ్రా బబులోను దేశమునుండి యెరూషలేమునకు వెండి బంగారములతో, కుటుంబములతో, చిన్న పిల్లలతో బయలుదేరాడు. దారిలో శత్రువుల భయమున్నది. రాజును రౌతుల సహాయము అడుగుటకు సిగ్గుపడి, అహవా నదియొద్ద ఉపవాసము ప్రకటించి దేవుని వేడుకొన్నాడు. ఈ భాగముమీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. కాని తరువాతి వచనములను త్వరగా దాటిపోయేవారము. ఉపవాసము ముగిసిన తరువాత ఎజ్రా ఏమి చేశాడు? పన్నెండుగురు యాజకులను ఏర్పరచాడు. వెండిని, బంగారమును, పాత్రలను వారి యెదుట తూచి అప్పగించాడు. యెరూషలేములో మరల తూచి అప్పగించువరకు జాగ్రత్తగా కాపాడమని చెప్పాడు. వారు చేరి, మూడు దినములు విశ్రమించి, నాలుగవ దినమున దేవుని మందిరములో లెక్క ప్రకారము, తూకము ప్రకారము అప్పగించి, అంతా వ్రాయించారు.

రౌతులను అడగని విశ్వాసవీరుడే త్రాసును మరువలేదు. నెహెమ్యా అయితే రాజునొద్ద అధికారులకు పత్రికలు అడిగి తీసుకున్నాడు, రౌతులతోనే ప్రయాణము చేశాడు. ఇద్దరికీ దేవుని హస్తమే తోడైయున్నది. ప్రార్థన ఒక చేయి అయితే జాగ్రత్త రెండవ చేయి. ఒంటి చేత్తో బస్తా లేవదని మన హమాలీ సోదరులకు తెలియదా?

అందుచేత 2025 ఫిబ్రవరి నెలాఖరున మా సంఘములో నాలుగు కుటుంబములవారు గుంటూరు వెళ్ళవలసి వచ్చినప్పుడు, ప్రార్థన చేసి పంపడముతో ఆగక మేమును వెంట బయలుదేరాము. ఆ నలుగురిలో పైన చెప్పిన సహోదరుడు కూడా ఉన్నాడు.

శనివారము సాయంత్రము దేవాలయములో కూడుకున్నాము. ముందు ప్రార్థన, తరువాత నోటు పుస్తకము. ఒక్కొక్క బస్తాను ఊళ్ళోనే కాటా వేసి బరువు వ్రాసుకున్నాము. మొత్తము 64 బస్తాలు. లెక్కకు రెండు ప్రతులు, ఒకటి ఇంట్లో ఆడవారి దగ్గర, ఒకటి మా జేబులో. బ్యాంకు పుస్తకము, ఆధార్ కార్డు నకళ్ళు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టాము. ఇంటివారి ఫోను నంబర్లు, ఆపదలో పిలువవలసిన 112, అంబులెన్సుకు 108 ఒక కాగితము మీద వ్రాసి ప్రతివారి చొక్కా జేబులో ఉంచాము. “నంబర్లన్నీ ఫోనులోనే ఉన్నవి గదా అయ్యగారూ” అని ఒక యౌవనస్థుడు నవ్వాడు. ఫోనే పోతే నంబర్లు ఎక్కడనుండి వస్తాయి? బీపీ ఉన్న పెద్దాయన మూడు రోజుల మాత్రలు పెట్టుకున్నాడు. అందరికీ తువ్వాలు, మంచినీళ్ళు, రెండు పూటలకు పులిహోర.

లారీ దగ్గర ఒక వాదన వచ్చింది. బస్తాలమీద కూర్చుని వెళితే నలుగురికీ బస్సు చార్జీలు మిగులుతాయి గదా అని. మేము ఒప్పుకోలేదు. సరకు బండిమీద మనుషులు ఎక్కడము చట్టమునకు విరుద్ధము. ఎత్తుగా కట్టిన లోడుకు దారిలో వేలాడే కరెంటు తీగ తగలవచ్చు. నిద్రమత్తులో జారితే కింద తారు రోడ్డే. ఒక్కరు డ్రైవరు పక్కన క్యాబినులో కూర్చున్నారు, మిగిలినవారము బస్సులో వెళ్ళాము. బయలుదేరే ముందు డ్రైవరును కూడా అడిగాము, “రాత్రి నిద్రపోయావా బాబూ?” అని. ఆ అబ్బాయి ఆశ్చర్యపడి, “ఇంతవరకు ఈ మాట ఎవ్వరూ అడగలేదండి” అన్నాడు.

వినుకొండనుండి నరసరావుపేట, ఫిరంగిపురం మీదుగా గుంటూరు. లారీ నరసరావుపేటలో ఆగినప్పుడు తాళ్ళు బిగించి చూడమని, టార్పాలిన్ సర్దమని క్యాబినులో ఉన్నవానికి చెప్పి పంపాము. బస్సు గుంటూరు చుట్టుగుంట దగ్గరకు వచ్చేసరికి, కళ్ళు మూసుకున్నా యార్డు దగ్గరపడిందని తెలుస్తుంది. గొంతు మండుతుంది, తుమ్ములు మొదలవుతాయి. తువ్వాళ్ళు ముక్కుకు కట్టుకున్నాము. ఉబ్బసము ఉన్నవారు ఈ పనిమీద వెళ్ళకుండా ఇంట్లో మరొకరిని పంపడము మేలని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

ఆసియా ఖండములోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటిగా గుంటూరు యార్డును చెప్పుకుంటారు. బస్తాల వీధులు, బస్తాల గోడలు. తేజ, బాడిగ, 334 అని రకాల పేర్లు చెవిన పడుతూనే ఉంటాయి. కొనేవారు వచ్చి మచ్చు తీసి, కాయ విరిచి, రంగు చూసి, తేమ చూసి ధర చెబుతారు. ఏడాది కష్టమునకు విలువ కట్టడము కొన్ని నిమిషములలో అయిపోతుంది. ఆ ఏడు ధరలు బాగా పడిపోయాయి. ఆ ఫిబ్రవరిలోనే కేంద్ర ప్రభుత్వము క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్య పథకము ప్రకటించింది. మా వారి కాయకు అంతకు తక్కువే పలికింది. నలుగురి ముఖాలు చిన్నబోయాయి. చెప్పిన ధరను మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పించుకుని నోటు పుస్తకములో వ్రాసుకున్నాము.

కాటా దగ్గర ఒక సంగతి జరిగింది. ఒక బస్తాకు మా పుస్తకములోని బరువుకంటె మూడు కిలోలు తక్కువ వచ్చింది. మా వాళ్ళలో ఒకరు అప్పుడే గొంతు పెంచబోయాడు. మేము ఆపి, “మరొకసారి వేయండయ్యా” అని మర్యాదగా అడిగాము. వేశారు. అదే బరువు. ఇంటికి ఫోను చేసి రెండవ ప్రతి చూడమన్నాము. అందులో 41 అని ఉంది. మా ప్రతిలోనే తొందరలో 44 అని వ్రాసుకున్నాము. తప్పు మాది. కాటా వేసిన హమాలీకి క్షమించమని చెప్పాము. అప్పుడు మాకు ఎజ్రా తూకములో మరొక అర్థము కనిపించింది. లెక్క మనలను మోసమునుండి మాత్రమే కాపాడదు, నిర్దోషిని అనుమానించే పాపమునుండి కూడా కాపాడుతుంది. ఆ యాజకులు తూచి తీసుకున్నారు గనుకనే ఎవ్వరూ వారిని వేలెత్తి చూపలేకపోయారు.

డబ్బు నగదుగా వద్దని, బ్యాంకు ఖాతాలకే జమ చేయించమని చెప్పి, పట్టీలు తీసుకున్నాము. ఇక్కడ ఒక హెచ్చరిక. వెనుకటి దొంగ టీ ఇచ్చాడు, నేటి దొంగ ఫోను చేస్తాడు. “మీ డబ్బు జమ కావాలంటే ఓటీపీ చెప్పండి, పిన్ నొక్కండి” అంటాడు. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ అడిగాడంటే మన డబ్బు పోతున్నదన్నమాట. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

పట్టీలకోసము ఆగిన మధ్యాహ్నము ఆటోలో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వైపు వెళ్ళివచ్చాము. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న ఈ గుంటూరులో అడుగు పెట్టాడు. అమెరికానుండి బయలుదేరక ముందే ఆయన సంస్కృతమును, వైద్యమును నేర్చుకోవడానికి కూర్చున్నాడు. అప్పటికి ఆయనది ఇంచుమించు మా వయస్సు. దేవుడు పిలిచాడు గదా, ఆయనే చూసుకుంటాడని ఓడ ఎక్కి కూర్చోలేదు. వెళ్ళే దేశములో ఏమి అవసరమో ముందే ఆలోచించాడు. మా సహోదరులకు ఈ సంగతి చెబితే, బీపీ మాత్రల పెద్దాయన తన జేబు తడుముకుని, “అయితే మనమూ హయ్యర్ దొరగారి దారిలోనే ఉన్నామండి” అన్నాడు. అందరము నవ్వుకున్నాము.

తిరుగు ప్రయాణము పగటి వెలుగులోనే పెట్టుకున్నాము. బస్సులో పక్క సీటు మనిషి మన సహోదరునికి బిస్కెట్ పొట్లము చాపాడు. పాపము మంచివాడే కావచ్చు. మన సహోదరుని చెయ్యి ఒక్క క్షణము వణకడము మేము చూశాము. “వద్దండి, మా ఇంట్లో చేసిన పులిహోర ఉంది” అని చిరునవ్వుతో చెప్పాడు. ఒకరిని దొంగ అనకుండానే జాగ్రత్తపడవచ్చునని ఆయన దగ్గర నేర్చుకున్నాము.

దీపాలవేళకు ఊరు చేరాము. ఆయన ఇంటి గుమ్మములో భార్య రెండవ ప్రతి పట్టుకుని నిలబడి ఉంది. పట్టీలోని బరువు, తన దగ్గరున్న బరువు వరుసగా సరి చూసింది. ధర చూసి కాసేపు మాట్లాడలేదు. కౌలు తీరుతుంది, మందుల కొట్టు బాకీ సగమే తీరుతుంది. తరువాత పెన్సిలుతో పుస్తకము చివర ఒక గీత గీసి, “నలుగురు వెళ్ళారు, నలుగురూ వచ్చారు. ఇది కూడా వ్రాయండి అయ్యగారూ” అన్నది. వ్రాశాము.

ఆయన అడిగిన ఆ పాత ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. పోయిన 70,000 తిరిగి రాలేదు. కాని ఆ సాయంత్రము ఆయనే ప్రార్థన చేశాడు. “ప్రభువా, మేము అడిగినది విన్నావు, మేము చేయవలసినది చేయించావు” అన్నాడు.

ప్రియులారా, ఫలాని పట్టణమునకు పోయి వ్యాపారము చేసి లాభము తెచ్చుకుంటామని గొప్పగా చెప్పుకోవద్దని, ప్రభువు చిత్తమైతే అని చెప్పమని యాకోబు తన పత్రికలో బోధించాడు. ప్రభువు చిత్తమైతే అని పలికే నోటితోనే, బస్తాలు ఎన్ని, డబ్బు ఎలా, తోడు ఎవరు అని కూడా అడుగుదాము. కాపరులమైన మేము ప్రార్థనకు వచ్చినప్పుడు ఈ మూడు ప్రశ్నలు అడగకపోతే, మీరే మాకు గుర్తు చేయండి.

మీ బండ్లు బయలుదేరునప్పుడును, మీరు ఇల్లు చేరునప్పుడును ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.